ఎవరూ పాడని కుప్ప

నాగాయలంక,
6 జూలై 2003.

వదినా,

క్షేమ సమాచారాలు అన్నయ్య ఫోనులో చెప్పాడు కాబట్టి ఆ రెండు లైన్లూ మిగుల్చుకుంటున్నాను. నా గోడు చెప్పుకోవడానికి స్థలం కావాలి.

మొన్న టెన్త్ పరీక్షకి మా పాలెం హైస్కూలు నుంచి ముప్ఫై ఎనిమిది మంది కూర్చున్నారు. ఇంగ్లీషులో ఇరవై తొమ్మిది మంది తప్పారు. హెడ్మాస్టరు లక్ష్మయ్యగారు నన్ను ఒక్క మాటా అనలేదు. మార్కుల రిజిస్టరు తెరిచి నా ముందు పెట్టి, టీ తాగడానికి వెళ్ళిపోయారు. తిట్టినా బాగుండేది.

ఈ పిల్లలు మొద్దులు కారు వదినా. గాలి ఎప్పుడు తిరుగుతుందో, ఏ వల ఎక్కడ వేయాలో గడగడా చెప్తారు. ఇంగ్లీషు పీరియడు వచ్చేసరికి నోట్లో ఇసుక పోసుకున్నట్టు కూర్చుంటారు. పేరడిగినా పక్కవాడి మొహం చూస్తారు. పదకొండేళ్ళుగా అదే రీడరు, అదే గైడు, అదే నేను. నాకే విసుగొస్తోంది, వాళ్ళకి రాదూ?

ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ళకి ఎలా చెప్పాలో టీచర్ల కోసమే ఇంటర్నెట్‌లో బోలెడు ఉందని పేపర్లో చదివాను. మా ఊళ్ళో నెట్ లేదు. నీకు కాలేజీ ఎదురుగానే ఉంది. బందరులో బి.ఇడి. చదివేటప్పుడు పక్క బెంచీ ప్రసన్నవి. నిన్ను మా అన్నయ్యకి చూపించి వదినని చేసుకున్నది నేనే. ఆ ఉపకారానికి ఇన్నాళ్ళకి ప్రతిఫలం అడుగుతున్నాను. దొరికినవి ప్రింటు తీసి బుక్‌పోస్టులో పంపు.

నీ రత్నకుమారి.


గుడివాడ,
20 జూలై 2003.

ప్రియమైన రత్నా,

ఉపకారమంటే ఏదో అనుకున్నా, మీ అన్నయ్య గురక కూడా అందులో కలిపే ఉందని పెళ్ళయ్యాక తెలిసింది. సరే, ఆ బాకీ ఇలా తీరుస్తాను.

నలభై పేజీలు పంపుతున్నాను. నెట్ సెంటరు గిరిధర్ నన్ను చూస్తే మొహం తిప్పుకుంటున్నాడు. ఒక్కో పేజీ తెరుచుకునేలోపు ఇంట్లో పప్పు ఉడుకుతుంది. సగం తెరుచుకున్నాక ఎవరో ఫోను చేస్తారు, లైను పోతుంది, మళ్ళీ మొదటికి. అయినా ఎన్ని ఉన్నాయనుకున్నావ్! వర్క్‌షీట్లు, ఆటలు, క్విజ్‌లు, పలికి వినిపించే డిక్షనరీలు, టీచర్లు ఒకళ్ళనొకళ్ళు సందేహాలు అడిగే చోట్లు. పలికే డిక్షనరీ మాత్రం వినలేకపోయాను. గిరిధర్ దగ్గర స్పీకర్లు లేవు.

నా సంగతీ ఏమంత బాగాలేదు. మా కాలేజీ ఓనరు, అదే కరస్పాండెంట్‌గారు, కొత్త బ్రోషరు వేయిస్తున్నారు. ప్రతి లెక్చరరుకీ 'ఇంటర్నెట్‌లో పేరు' ఉండాలట. ఝాన్సీలక్ష్మి అని ఎం.ఏ. ఇంగ్లీషు ఆవిడ ఎవరో అప్లికేషన్ పెట్టుకుంది. నాది ఉత్త బి.ఏ., బి.ఇడి. ఆ అప్లికేషన్ నా కళ్ళముందే టేబుల్ మీద ఉంచుతున్నారు.

నీ ప్రసన్న.


నాగాయలంక,
24 ఆగస్టు 2003.

వదినా,

నీ నలభై పేజీలూ చదివాను. కోపం తెచ్చుకోకు, నాకే ఒళ్ళు మండిపోతోంది.

మొదటిది 'ఈ బొమ్మ చూసి మాట్లాడండి'. బొమ్మ ఉండాల్సిన చోట ఖాళీ డబ్బా, అందులో ఒక గుర్తు, అంతే. పదకొండు పేజీలు అలాంటివే. ఖాళీ డబ్బాని చూసి మా పిల్లలు ఏం మాట్లాడతారు? రెండోది మంచుబొమ్మ చేయడం. మూడోది హోటల్లో గది బుక్ చేసుకోవడం. నాలుగోది విమానం ఆలస్యమైతే కౌంటరు దగ్గర ఎలా ఫిర్యాదు చేయాలి. మాకు అవనిగడ్డ బస్సు రాకపోతే ఫిర్యాదు చేసే దిక్కు లేదు! ఇంకో దాంట్లో 'మీ క్లాసులో ఉన్న పన్నెండు మందిని జంటలుగా విడదీయండి' అని రాశారు. నా క్లాసులో యాభై ముగ్గురు.

ఒక్క పేజీ మాత్రం పనికొచ్చింది. పిల్లలు రోజూ చూసే బేరాన్ని క్లాసులో నాటకంలా ఆడించమని ఉంది. వాళ్ళు సూపర్‌మార్కెట్టు పెట్టారు. మాకున్న బజారు రేవు. తెల్లారేసరికి పడవలొస్తాయి, చేపలు కుప్పలు పోస్తారు, పున్నమ్మ అనే ఆవిడ వేలంపాట పెడుతుంది. చుట్టూ మూగినవాళ్ళు పాడుకుంటారు. నిన్న వెళ్ళి నిలబడి చూశాను. క్లాసులో మూగనోము పట్టే నూకరాజు అక్కడ తన తండ్రి కుప్ప గురించి ఎంత గట్టిగా వాదిస్తున్నాడో! నన్ను చూడగానే నోరు మూసుకున్నాడు. ఏడుపొచ్చింది నాకు.

దాన్నెలా పాఠం చేయాలో ఆలోచిస్తున్నాను. నువ్వూ ఆలోచించు.

రత్న.


గుడివాడ,
7 సెప్టెంబరు 2003.

రత్నా,

నువ్వు తిట్టినా నీ ఉత్తరమే బాగుంటుంది. రేవు సంగతి చదివి మీ అన్నయ్యకి కూడా వినిపించాను.

నాకు రెండు సందేహాలు. ఒకటి, తూచకుండా కుప్పలెక్కన ఎలా కొంటారే? నేనైతే మార్కెట్లో వంకాయలు కూడా త్రాసు ముల్లు ఆగేదాకా వదలను. అది మోసం కాదూ? రెండు, ఒక కుప్పకి ఎవరూ పాడకపోతే ఏం చేస్తారు? పాఠంలో ఇవన్నీ ఉండాలి కదా.

బొమ్మలు రాని పేజీలకి గిరిధర్‌ని కడిగేశాను. 'లైను అంతేనండీ' అన్నాడు. అన్నిటికీ అదే మాట.

కరస్పాండెంట్‌గారు మళ్ళీ అడిగారు. 'మేడమ్‌గారూ, మీ పేరు కొడితే నెట్‌లో ఏమీ రావట్లేదండీ' అని అందరి ముందూ నవ్వారు.

ప్రసన్న.


నాగాయలంక,
12 అక్టోబరు 2003.

వదినా,

జరిగింది! కాస్త నిమ్మళంగా రాద్దామంటే చెయ్యి ఆగట్లేదు. ఒక ఇన్లాండ్ లెటర్ చాలక రెండోది మొదలుపెడుతున్నాను.

పాఠం ఇదీ. చిప్పలు, గవ్వలు, ఎండు రొయ్యలు తెప్పించి, అవే చేపలనుకోమని క్లాసులో ఎనిమిది కుప్పలు పోయించాను. పాట పెట్టడానికి ఒకమ్మాయి. మిగతావాళ్ళు ముందు మాట్లాడకుండా చుట్టూ తిరిగి చూడాలి. తర్వాత పాడే ప్రతివాళ్ళూ ఆ కుప్పకి ఒక మెచ్చుకోలు, ఒక వంక ఇంగ్లీషులో చెప్పాలి. 'ఫ్రెష్, బట్ టూ స్మాల్' అన్నట్టు. చెప్పకుండా ధర అంటే ఆ పాట చెల్లదు. ఆఖరున పాడుకున్నవాళ్ళు అదే కుప్ప ఎందుకు కావాలనుకున్నారో మూడు వాక్యాలు రాయాలి.

మొదటి కుప్పకి ఎవరూ నోరు విప్పలేదు. రెండో కుప్ప నూకరాజుది. ఎవరో 'బ్యాడ్ స్మెల్' అన్నారు. వాడు లేచి, 'నో బ్యాడ్! మార్నింగ్ ఫిష్! మై ఫాదర్ ఫిష్!' అని అరిచాడు. తప్పుల తడికే. నేను దిద్దలేదు. పదకొండేళ్ళలో నా క్లాసులో ఇంగ్లీషులో దెబ్బలాడిన మొదటి పిల్లాడు వాడు. ఆ గోలకి పున్నమ్మ గుమ్మం దగ్గరికొచ్చి, 'ఏంటి పంతులమ్మగారూ, మా రేవుని బళ్ళోకి తెచ్చారా?' అని నడుం మీద చేతులేసుకుని నవ్వింది.

తూకం సంగతి అడిగావు. రేవులో తూకం లేదు వదినా. కంటితో అంచనా, నోటితో బేరం. నా పాఠానికి ప్రాణం అదే. త్రాసు పెడితే ఇంక మాటతో పనేముంది, ముల్లే చెప్తుంది. త్రాసు లేదు కాబట్టే నోరు విప్పాలి.

స్థలం అయిపోయింది.

రత్న.


గుడివాడ,
23 నవంబరు 2003.

రత్నా,

ఆలస్యానికి ఏమనుకోకు. నీ పాఠం చాలా బాగుంది. ఈసారి పేజీలు ఆరే పంపుతున్నాను. గిరిధర్ ప్రింటరులో ఇంకు అయిపోయింది.

ఇక్కడ కాస్త ఊపిరి ఆడుతోంది. నన్ను ఇంగ్లీషు డిపార్ట్‌మెంటు హెడ్‌ని చేశారు. ఝాన్సీలక్ష్మి అప్లికేషన్ టేబుల్ మీంచి సొరుగులోకి వెళ్ళింది. ఎలా జరిగిందో నాకే తెలీదు.

పనులున్నాయి. ఉంటాను.

ప్రసన్న.


నాగాయలంక,
11 జనవరి 2004.

హెడ్‌గారికి,

ఇంత పెద్ద కబురు నాలుగు లైన్లలో చెప్తావా? పూతరేకులు పార్సిల్ చేయాల్సిన వార్త!

నాదీ ఒక కబురుంది. రాష్ట్రం మొత్తానికి ఇంగ్లీషు టీచర్ల గైడు తయారు చేస్తున్నారట. సొంతంగా తయారుచేసిన పాఠం ఒకటి రాసి పంపమని జిల్లాలో అందరికీ సర్క్యులర్ వచ్చింది. ఎంపికైనవాళ్ళకి హైదరాబాదులో శిక్షణ, పాఠం పేరుతో సహా గైడులో అచ్చు. లక్ష్మయ్యగారు నన్ను పిలిచి, 'మీ చేపల పాట పంపండమ్మా' అన్నారు. ఆయన నోటి వెంట ఆ మాట! ఇంగ్లీషులో శుభ్రంగా రాసి బందరు ఆఫీసుకి పంపాను. మన తీరంలో ఉన్న ప్రతి రేవు బళ్ళోనూ ఈ పాఠం జరిగితే ఎలా ఉంటుందో ఊహించుకో. ఆశ పెట్టుకోకూడదనుకుంటూనే పెట్టేసుకున్నాను.

రత్న.


నాగాయలంక,
15 ఫిబ్రవరి 2004.

వదినా,

నా పాఠం కాపీ కొట్టినదట.

బందరు ఆఫీసు నుంచి మెమో వచ్చింది. 'మీరు సొంతమని పంపిన పాఠము నవంబరు నుంచి ఇంటర్నెట్‌లో ఉన్నది. శిక్షణలో దానిని ఇదివరకే నమూనాగా పంచుతున్నాము. అందులోని ఒక అంశము తొలగించి మీదిగా చూపుట తీవ్రమైన విషయము. ఈ నెలాఖరులోగా సంజాయిషీ ఇవ్వవలెను, లేనిచో సర్వీసు రిజిస్టరులో నమోదగును.' నాలుగుసార్లు చదివాను. నా చేత్తో గవ్వలు ఏరాను, నా గొంతు పోయేలా చెప్పాను, అది ఇంటర్నెట్‌లో ఎలా ఉంటుంది? ఇంటర్నెట్ మొహం నేను చూడనే లేదు!

స్టాఫ్‌రూములో నేను వెళ్ళగానే మాటలు ఆగిపోతున్నాయి. లక్ష్మయ్యగారు మళ్ళీ టీ తాగడానికి వెళ్ళడం మొదలుపెట్టారు.

నాకు నువ్వే దిక్కు. గిరిధర్ దగ్గరికి వెళ్ళి ఆ పాఠం ఎక్కడుందో, ఎవరు పెట్టారో వెతికి పెట్టు. పేరు తెలిస్తే చాలు, మిగతాది నేను చూసుకుంటాను. మెమోతో పాటు వచ్చిన కాగితాలు లక్ష్మయ్యగారి దగ్గరున్నాయి. నాకూ ఒక కాపీ ఇమ్మని అడిగాను. ఆలస్యం చేయకు.

రత్న.


గుడివాడ,
19 ఫిబ్రవరి 2004.

ప్రియమైన రత్నా,

నీ ఉత్తరం చూసి చాలా బాధపడ్డాను. నెట్ సెంటరులో నాలుగు రోజులుగా లైను లేదు. ఉన్నా అంత పెద్ద నెట్‌లో ఒక పేజీ వెతకడం అయ్యే పని కాదు. ఒకే ఆలోచన ఇద్దరికి రావడం కూడా ఉంటుంది కదా.

నా మాట విను. దీన్ని సాగదీయకు. 'ఎక్కడో చదివినది గుర్తుండి రాసి ఉంటాను, తెలియక జరిగింది' అని ఒక కాగితం రాసిచ్చేయి. మహా అయితే హెచ్చరికతో వదిలేస్తారు. పై ఆఫీసులతో గొడవ నీకెందుకు?

ప్రసన్న.


నాగాయలంక,
22 ఫిబ్రవరి 2004.

శ్రీమతి ప్రసన్నలక్ష్మి గారికి,

నిన్న కాగితాలు ఇచ్చారు. మొదటి పేజీ, అంటే పేరున్న పేజీ, బందరు ఫైల్లో ఉండిపోయిందట. నాకు రెండో పేజీ జిరాక్సు దొరికింది. అదే చాలింది.

అందులో కుప్పలున్నాయి. మెచ్చుకోలు, వంక ఉన్నాయి. మూడు వాక్యాలున్నాయి. అయిదో అంశం ఏమిటంటే, బేరం అయ్యాక కుప్పని త్రాసులో తూచి సరిచూడాలట.

మా రేవులో పుట్టిన మనిషెవరూ ఆ త్రాసు పెట్టరండీ. నేను పెట్టలేదు. పైగా ఆ అంశం తీసేసి దొంగతనం దాచానని నాకు మెమో ఇచ్చారు! నేనెరిగిన ఇంగ్లీషు టీచర్లలో త్రాసు ముల్లు ఆగేదాకా వంకాయలు కూడా వదలని మనిషి ఒక్కతే ఉంది. ఆ మనిషికి నవంబరులో ప్రమోషన్ వచ్చింది. ఎలా వచ్చిందో తనకే తెలీదట.

నేను వెతికిపెట్టమని అడిగినప్పుడు నవ్వుకున్నారా? క్షమాపణ రాసివ్వమని నాకు సలహా ఇస్తూ చెయ్యి ఎలా ఆడింది? పెడనలో కలంకారీ అద్దకం చేసే మా నాన్న వేరేవాళ్ళు చెక్కిన అచ్చుతో గుడ్డ మీద అద్దినా, చెక్కినవాడి పేరు చెప్పకుండా అమ్మేవాడు కాదు. ఆ ఇంటికే మీరు కోడలిగా వచ్చారు.

అక్టోబరులో నేను రాసిన రెండు ఇన్లాండ్ లెటర్లు మీ దగ్గరున్నాయి. ఇన్లాండ్ లెటర్‌కి కవరు వేరుగా ఉండదు. రాసిన కాగితం మీదే నాగాయలంక పోస్టాఫీసు ముద్ర, తేదీ పడతాయి. నా దగ్గర వేరే రుజువు లేదు. అవి కావాలి. నెలాఖరుకి వారం ఉంది.

రత్నకుమారి.


గుడివాడ,
25 ఫిబ్రవరి 2004.

రత్నా,

నేనే.

టీచర్లు తమ పాఠాలు పెట్టే సైటు ఒకటుంది. నీ ఉత్తరాన్ని ఇంగ్లీషులో రాసి పెట్టాను. ఒట్టు, ముందు నీ పేరే పెడదామనుకున్నాను. ఈమెయిలు అడ్రసు అడిగింది, నీకు లేదు. నాది కొట్టాను. పేరు అడిగింది. వెనక గిరిధర్ ఇంకొకళ్ళకి టైము అయిపోతోందని తొందర పెడుతున్నాడు. నా పేరు కొట్టేశాను. మర్నాడు మార్చొచ్చు. మార్చలేదు. ఆ మర్నాడే కరస్పాండెంట్‌గారు నా పేరు కొట్టి చూశారు. ప్రింటు తీయించి నోటీసు బోర్డుకి అంటించారు. నెలల తరబడి నన్ను చూసి నవ్వినవాళ్ళు లేచి నిలబడ్డారు. ఇంక నా నోరు రాలేదు.

ఇన్లాండ్ లెటర్లు చింపలేదు. నా బీరువాలో ఉన్నాయి. కానీ అవి బయటికొస్తే సొరుగులో ఉన్న అప్లికేషన్ మళ్ళీ టేబుల్ ఎక్కుతుంది. నీది గవర్నమెంటు ఉద్యోగం, హెచ్చరిక వచ్చినా జీతం వస్తుంది. నాది రేపు పొమ్మంటే పోయేది. ఈ ఒక్కసారికి ఆ కాగితం రాసిచ్చేయవూ? కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను.

ఇంకో సంగతి. ఆ సైటులో ఎక్కడో చలిదేశపు టీచరమ్మ ఒకావిడ, తనదీ రేవు ఊరేనట, డిసెంబరు నుంచి ఒకే ప్రశ్న అడుగుతోంది. ఎవరూ పాడని కుప్ప ఏమవుతుంది అని. నేను నిన్ను అడిగాను, నువ్వు చెప్పడం మర్చిపోయావు. మళ్ళీ అడిగితే ఎందుకని ఆరా తీస్తావేమోనని భయపడ్డాను. ఆవిడకి జవాబు ఇవ్వలేకపోయాను.

ప్రసన్న.


నాగాయలంక,
27 ఫిబ్రవరి 2004.

ప్రసన్నలక్ష్మి గారికి,

ఆ కాగితం రాయను.

మీకు జీతం పోతుంది, నిజమే. నాకు ఏం పోతుందో కూడా వినండి. సోమవారం క్లాసుకి వెళ్ళాను. నూకరాజు లేచి, 'టీచరుగారూ, మన పాట మనది కాదంటగా?' అన్నాడు. తెలుగులో అన్నాడు. ఆ రోజంతా ఎవరూ ఇంగ్లీషులో నోరు విప్పలేదు.

ఆ చలిదేశపు ఆవిడకి జవాబు ఇది. పున్నమ్మని అడిగి రాస్తున్నాను. రేవులో ఎవరూ పాడని కుప్పని తెచ్చినవాడు వెనక్కి తీసుకోడు. ఇసుకలో వదిలేయరు. పాట పెట్టిన మనిషే అందరూ చూస్తుండగా గంపకెత్తుకుని పోవాలి. 'నా నోటితో పిలిచిన కుప్ప నాది కాదంటే రేపు నా పిలుపుకి ఎవరొస్తారమ్మా?' అంది పున్నమ్మ.

రత్నకుమారి.


మచిలీపట్నం,
1 మార్చి 2004.

రత్నా,

బస్టాండులో కూర్చుని రాస్తున్నాను. నిన్న ఆదివారం కదా, నెలాఖరు గడువు ఇవాళ్టిదాకా చెల్లుతుందన్నారు. రాత్రి మీ అన్నయ్యకి అంతా చెప్పాను. తెల్లారగానే తనే బస్సు ఎక్కించాడు.

ఆఫీసులో అనసూయ గారని ఒక పెద్దావిడ నీ ఫైలు చూస్తున్నారు. రెండు ఇన్లాండ్ లెటర్లూ ఆవిడ ముందు పెట్టాను. పోస్టాఫీసు ముద్రని వెలుతురులో పెట్టి చూశారు. పదమూడు, పది, మూడు అని పైకే చదివారు.

'మీరు ఈవిడకి ఏమవుతారండీ?' అన్నారు.

'వదినని.'

కళ్ళజోడు తీసేశారు. 'దగ్గర బంధువులు తెచ్చిన సాక్ష్యం పనికిరాదమ్మా. ఇంట్లో కూర్చుని ఏదైనా తయారుచేశారంటారు. సాక్షి బయటివాళ్ళయి ఉండాలి' అని కాగితాలు నా వైపు తోశారు.

అంత దూరం వచ్చి, అన్నీ కూడగట్టుకుని వస్తే, పనికిరాదట! లేచి వచ్చేద్దామనిపించింది. వచ్చేస్తే నా ఉద్యోగం కూడా మిగిలేది, ఆ సంగతీ తోచింది. నీకు అబద్ధం చెప్పను.

'నేను సాక్షిని కాదండీ. కాపీ కొట్టింది నేనే' అన్నాను.

పక్క టేబుళ్ళ వాళ్ళు కూడా తలెత్తారు. ఆవిడ తెల్లకాగితం ఇచ్చి, అదే రాసి సంతకం పెట్టమన్నారు. రాశాను. త్రాసు నేను పెట్టానని, అక్కడ త్రాసు ఉండదని, ఆ పాఠం నీదని. నా పేరు, కాలేజీ పేరు, అన్నీ.

రేపు కాలేజీలో ఎలాగూ తెలుస్తుంది కాబట్టి కరస్పాండెంట్‌గారికి నేనే ముందు చెప్తాను. సైటులో పేరు మార్చమని రాశాను, ఇంకా మారలేదు. ఆ చలిదేశపు ఆవిడకి మాత్రం జవాబు పెట్టాను, కింద నీ పేరుతో.

ఒకటి అడగొచ్చా? అలా అందరి ముందూ కుప్ప ఎత్తుకుని వెళ్ళిన మనిషిని, మర్నాడు మళ్ళీ పాట పెట్టనిస్తారా? ఇది ఆ ఆవిడ ప్రశ్న కాదు.

ప్రసన్న.


నాగాయలంక,
29 మే 2004.

వదినా,

కార్డు మీద ఇంతే పడుతుంది. నా తప్పు లేదని ఆఫీసు వాళ్ళు రాసిచ్చారు. గైడు జాబితా మాత్రం ఆ కాగితం రాకముందే హైదరాబాదు వెళ్ళిపోయిందట. ఎవరినని ఏం లాభం! టెన్త్‌లో ఈసారి ఇంగ్లీషు పంతొమ్మిది మంది గట్టెక్కారు, నూకరాజు సరిగ్గా అంచు మీద. జూన్ నుంచి నీ సీట్లో ఝాన్సీలక్ష్మి కూర్చుంటుందని అన్నయ్య చెప్పాడు.

నువ్వడిగింది పున్నమ్మని అడిగాను. పెట్టనిస్తారట. కాకపోతే మొదటి కుప్ప ఇవ్వరు.

రత్న.